అస్పష్ట సంవృతి ఆపరేటర్

గణితశాస్త్రంలో అస్పష్ట సంవృతి ఆపరేటర్ అనగా ఒక అస్పష్ట (ఫజీ) సమితిని తీసుకొని, దానిని ఇముడ్చుకొనే సంవృత సమితులలో కనిష్ఠమైన దానిని ఇచ్చే ప్రమేయం. పాక్షికంగా మాత్రమే సత్యమైన విషయాల నుండి ఎంతవరకు నిర్ణయం చేయవచ్చునో కొలవడానికి ఇది ఆధారం.

నేపథ్యం

సాధారణ సమితిలో ఒక మూలకం ఉంటుంది, లేదా ఉండదు. "పొడవైన మనుషులు" వంటి భావనలకు అటువంటి గీత గీయలేము. అందుచేత 1965లో లొత్ఫీ జాదే ప్రతి మూలకానికి 0 నుండి 1 వరకు సభ్యత్వ స్థాయిని ఇచ్చి అస్పష్ట సమితులను నిర్వచించారు. సంవృతి భావన అంతకు పూర్వమే ఉన్నది. దానికి కురతోవ్‌స్కీ 1922లో టోపాలజీలోను, టార్‌స్కీ 1930లో తర్కశాస్త్రంలోను స్వీకృతాలు ఇచ్చారు.

నిర్వచనం

క, గ అనేవి ఒకే విశ్వసమితిపై అస్పష్ట సమితులు అనుకుందాం. ఏ మూలకానికైనా క లోని స్థాయి గ లోని స్థాయిని మించకపోతే, క అనేది గ కు ఉపసమితి. స అనే ఆపరేటర్ మూడు నియమాలను పాటించాలి.

1. క అనేది స(క) కు ఉపసమితి.
2. క అనేది గ కు ఉపసమితి అయితే, స(క) అనేది స(గ) కు ఉపసమితి.
3. స(స(క)) = స(క).

స(క) = క అయినప్పుడు క ను సంవృత సమితి అంటారు. సంవృత సమితుల ఛేదనం కూడా సంవృతమే.

ఉదాహరణ

రాముడు, సోముడు, భీముడు అనే ముగ్గురి పోలికలను తీసుకుందాం. రామునికి సోమునితో పోలిక 0.8, సోమునికి భీమునితో 0.6, రామునికి భీమునితో 0.3. పోలిక సంక్రమణ ధర్మాన్ని పాటించాలంటే చివరి విలువ పెరగాలి. "మరియు" అనే పదానికి కనిష్ఠ విలువను తీసుకుంటే అది 0.6 అవుతుంది. లుకాసియెవిచ్ పద్ధతిలో 0.8 + 0.6 − 1 = 0.4 అవుతుంది. ఈ విధంగా ఏర్పడే సంబంధమే సంక్రమణ సంవృతి. ఇటువంటి సంబంధాలను జాదే 1971లో వివరించారు.

తర్కశాస్త్రంలో ప్రాముఖ్యం

1979లో పవెల్కా టార్‌స్కీ భావనను అస్పష్ట తర్కానికి విస్తరించారు. ఇందులో ప్రతిపాదనల అస్పష్ట సమితి నుండి ఫలితాల అస్పష్ట సమితి లభిస్తుంది.

"మరియు" అర్థాన్ని ఎంచుకోవడం చిన్న విషయం కాదు. 0.9 స్థాయి గల పది వాక్యాలను కలిపితే కనిష్ఠ పద్ధతిలో ఫలితం 0.9గానే ఉంటుంది. లుకాసియెవిచ్ పద్ధతిలో అది 0కు పడిపోతుంది. ధాన్యపు రాశి నుండి ఒక్కొక్క గింజ తీసినా అది రాశిగానే మిగులుతుందనే వాదన ఎందుకు చెల్లదో ఈ రెండవ పద్ధతి చూపుతుంది. ప్రతి మెట్టులోను కొంచెం సత్యం తరిగిపోతుంది.

ఇవి కూడా చూడండి

* సమితి
* ఉపసమితి
* తర్కశాస్త్రం