షిరకావాగో సందర్శన

షిరకావాగో జపాన్‌లోని గిఫు ప్రిఫెక్చర్‌లో, షోగావా నది లోయలో ఉన్న కొండప్రాంతం. ఏటవాలు గడ్డికప్పుల పెద్ద ఇళ్లకు ఇది పేరుపొందింది. ఇందులోని ఒగిమాచి పల్లెను, పొరుగున తొయామా ప్రిఫెక్చర్‌లో ఉన్న గోకయామా ప్రాంతపు ఐనొకురా, సుగనుమా పల్లెలను కలిపి యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒగిమాచి జనం కాపురముంటున్న ఊరు. షిరకావా గ్రామం మొత్తం జనాభా సుమారు 1,500. పర్యాటకులు మాత్రం ఏటా పది లక్షలు దాటి వస్తారు. ఇక్కడ పాటించవలసిన మర్యాదల్లో కొన్ని ఈ రద్దీ వల్ల వచ్చినవి, ఎక్కువ భాగం ఇళ్లు కట్టిన తీరు వల్ల వచ్చినవి.

ఇళ్లు

ఈ నిర్మాణాన్ని గస్షో-జుకురి అంటారు. జోడించిన చేతుల్లా కప్పు ఉంటుందని ఆ పేరు. కప్పు వాలు దాదాపు 60 డిగ్రీలు. చలికాలంలో మనిషెత్తు దాటి మంచు పడే చోట అంతకంటే తక్కువ వాలుంటే ఆ బరువుకు ఇల్లు కూలుతుంది. కప్పు దూలాలను, వాసాలను మేకులు కొట్టకుండా గడ్డితాళ్లతోనూ, నెసో అనే లేత చెట్టుకొమ్మలతోనూ కట్టేస్తారు. పచ్చిగా ఉన్నప్పుడు మెలితిప్పి చుట్టిన కొమ్మ ఎండేకొద్దీ బిగుసుకుంటుంది. ముక్కోణపు గోడలు లోయ పొడవునా ఉత్తర దక్షిణాలకు తిరిగి ఉంటాయి. అందువల్ల కప్పుకు గాలి దెబ్బ తగ్గుతుంది, రెండు వాలులకూ ఎండ తగిలి గడ్డి ఆరుతుంది.

అటకల మీద రెండు మూడు అంతస్తుల్లో పట్టుపురుగులు పెంచేవారు. జపాన్ చరిత్రలోని ఎదో యుగంలో నేల కింద గోతుల్లో మట్టీ ఆకులూ పట్టుపురుగుల పెంటా కుళ్లబెట్టి, తుపాకి మందుకు కావలసిన సురేకారం తీసేవారు. ఊళ్లోకెల్లా పెద్దదైన వాదా వారి ఇల్లు ఆ వ్యాపారంతోనే కలిసొచ్చిన ఇల్లు. రుసుము కట్టి ఆ అటక ఎక్కితే దూలాలూ తాళ్లూ మసితో నల్లగా నిగనిగలాడుతూ కనిపిస్తాయి. కింద ఇరొరి అనే నేలపొయ్యి పొగ అంతదాకా వెళ్లి చెదనూ చెమ్మనూ దూరంగా ఉంచుతుంది. కళ్లు మండుతున్నాయని విసుక్కునే వాళ్లు ఆ పొగే ఇంటికి ఆయుష్షని తెలుసుకోవాలి.

గడ్డి 30, 40 ఏళ్లకోసారి మార్చాలి. ఇవాళ మీ ఇంటికి మేము, రేపు మా ఇంటికి మీరు అనే పద్ధతిలో ఊరంతా కలిసి చేసే ఈ పనిని యుయి అంటారు. వంద మందికి పైగా కప్పు మీదా నిచ్చెనల మీదా చేరి మోపులు అందిస్తూ, తాళ్లు బిగిస్తూ ఒక వైపు కప్పు మొత్తాన్ని మార్చేస్తారు. ఇప్పుడు వృత్తి పనివాళ్ల సాయం కూడా తీసుకుంటున్నారు.

కాపాడుకున్న తీరు

1961లో పూర్తయిన మిబోరో ఆనకట్ట కింద కొన్ని పల్లెలు మునిగిపోయాయి. మిగిలిన చోట్ల కూడా గస్షో ఇళ్లను అమ్ముకోవడం, కూల్చడం మామూలైపోయింది. 1971లో ఒగిమాచి వాసులు సంఘం కట్టుకుని, ఇళ్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పాడుచేయకూడదు అని తీర్మానించుకున్నారు. ప్రభుత్వం ఒగిమాచిని సంరక్షిత ప్రాంతంగా గుర్తించింది 1976లో. అంటే ముందు కదిలింది ఊరివాళ్లే. 2008లో తోకై-హొకురికు ఎక్స్‌ప్రెస్‌వే పూర్తయ్యాక రాకపోకలు మరింత సులువయ్యాయి.

నిప్పు

ఊరికి అన్నిటికన్నా పెద్ద భయం నిప్పే. ఒక కప్పు అంటుకుంటే పక్క కప్పుకు పాకడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే వాసులు వంతులవారీగా రోజూ ఊరంతా తిరిగి నిప్పు జాగ్రత్త చెబుతారు. ఊరి చుట్టూ 59 నీటి తుపాకులు అమర్చారు. శరదృతువులో ఏటా ఒకసారి వాటన్నిటినీ ఒకేసారి పరీక్షిస్తారు. కప్పుల మీదుగా నీటి ధారలు లేచే ఆ దృశ్యాన్ని ఫొటో తీయడానికి జనం ఎగబడతారు గానీ, ఊరివాళ్లకు అది వేడుక కాదు, కసరత్తు. సిగరెట్టు నిర్ణయించిన చోట తప్ప ఎక్కడా కాల్చకూడదు, టపాసులు అసలే కూడదు.

సందర్శకుల నడవడి

కారును నదికి ఆవలి పార్కింగ్‌లో పెట్టి, దేయాయ్ వేలాడే వంతెన మీదుగా నడిచి ఊళ్లోకి రావాలి. వాదా, కాందా, నాగసే ఇళ్లవంటి కొన్నింటికే ప్రవేశం ఉంది. మిగతావి సొంత కాపురాలు. వాకిట్లోకి వెళ్లడం, కిటికీలోంచి తొంగిచూడడం, ఆరేసిన బట్టలను ఫొటో తీయడం తప్పు. పొలం గట్లు దారులు కావు. ఊరంతా ఒక్క ఫొటోలో రావాలంటే షిరొయామా గుట్ట ఎక్కాలి. చెత్తకుండీలు దాదాపు ఉండవు, ఎవరి చెత్త వారే తీసుకెళ్లాలి. చలికాలంలో చూరు కింద నిలబడకూడదు. మంచు గడ్డలుగా జారిపడుతుంది.

ఊళ్లో రాత్రి ఉండాలంటే మిన్షుకు అనే ఇంటి బసను ముందే మాట్లాడుకోవాలి. గడపలో చెప్పులు, చాప నేల దగ్గర స్లిప్పర్లు విడవాలి. ఒళ్లు బయట కడుక్కున్నాకే వేడినీటి తొట్టిలో దిగాలి. గదుల మధ్య జారుడు తెరలే కాబట్టి రాత్రి మాటలు పక్కవాళ్లకు వినిపిస్తాయి. భోజనానికి ఆలస్యంగా రావడం వండిన ఇల్లాలిని ఇబ్బంది పెట్టడమే.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొన్ని సాయంత్రాలు ఇళ్లకు దీపకాంతి వేస్తారు. రద్దీ భరించలేక 2019 నుంచి ముందస్తు బుకింగ్ ఉన్నవాళ్లనే అనుమతిస్తున్నారు. అక్టోబరులో హచిమాన్ గుడి ఉత్సవంలో గుడిలోనే పులియబెట్టిన దొబురోకు అనే చిక్కటి బియ్యపు మద్యాన్ని అతిథులకు పోస్తారు. కారు నడపవలసినవారు పుచ్చుకోకూడదు.

గోకయామా పల్లెలు ఇంకా చిన్నవి. సుగనుమాలో ఉన్నవి 9 గస్షో ఇళ్లే. ఐనొకురా వాసులు సాయంత్రం తర్వాత బస చేసేవారు తప్ప ఇతరులు ఊళ్లో తిరగవద్దని కోరతారు.