గడప దాటని పార్టీ, కోటు మీది నక్షత్రం



అరక్కోణంలో ఉద్యోగం చేసే రోజుల్లో మా యూనియన్ ఆఫీసుకు 'సోవియట్ నాడు' అనే తమిళ పత్రిక వచ్చేది. మేము తమిళ మీడియంలో చదివినవాళ్లం. తెలుగు ఇంట్లో మాటల వరకే. అందువల్ల లెనిన్ కూడా మాకు తమిళంలోనే పరిచయం. సోవియట్ యూనియనే పోయాక మాలో ఒక ప్రశ్న మిగిలిపోయింది: ఆ తూర్పు యూరప్ దేశాల్లో పార్టీ కార్డు దాచుకున్నవాళ్ల గతి ఏమైంది? రిటైరయ్యాక తీరిక దొరికి చదివితే, హంగేరీ కథ మమ్మల్ని పట్టుకుంది.

అక్కడి పాలక పార్టీ పేరు హంగేరియన్ సోషలిస్టు కార్మిక పార్టీ. సభ్యులు ఏడు లక్షల పైనే. 1989 అక్టోబరులో ఆ పార్టీ మహాసభ తనను తానే రద్దు చేసుకుని కొత్త సోషలిస్టు పార్టీగా మారింది. మంత్రులు, పెద్దపెద్దవాళ్లు అటు వెళ్లారు. ఒప్పుకోనివాళ్లు కొందరు డిసెంబరు 17న పాత పేరుతోనే 14వ మహాసభ జరిపి, దౌత్యవేత్తగా పనిచేసిన ద్యులా త్యూర్మెర్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. అప్పటినుంచి దశాబ్దాలుగా ఆయనే అధ్యక్షుడు. (మన సంఘాలను ఎవరూ తలచుకోకండి!)

1990 ఎన్నికల్లో పార్లమెంటులో అడుగుపెట్టాలంటే 4 శాతం ఓట్లు కావాలి. వీళ్లకు వచ్చింది 3.68. రైల్వే భాషలో చెప్పాలంటే వెయిటింగ్ లిస్టు ఒకటి దగ్గర చార్టు తయారైపోయింది. 1994 నాటికి ఆ గడపను 5 శాతానికి ఎత్తు చేశారు. వీళ్లకు 3.19 వచ్చింది. 1998లో 3.95, 2002లో 2.16. 2006లో అరశాతం కూడా రాలేదు.

ఈ మధ్యలోనే, 2004 డిసెంబరు 5న, ఒక మంచి పని చేయబోయారు. ఆసుపత్రులను ప్రైవేటుకు ఇవ్వకూడదని సంతకాలు సేకరించి దేశమంతటా ప్రజాభిప్రాయ ఓటింగు పెట్టించారు. ఓటు వేసినవాళ్లలో దాదాపు 65 శాతం వీళ్ల మాటే సరి అన్నారు. కానీ మొత్తం ఓటర్లలో నాలుగోవంతు మంది ఒకే జవాబు ఇస్తేనే చెల్లుతుందని చట్టం. దాదాపు 24 దగ్గర ఆగింది. ఇక్కడా గడపే అడ్డం.

ఇక నక్షత్రం సంగతి. 1993 నుంచి ఆ దేశంలో స్వస్తిక, సుత్తి కొడవలి, ఎర్ర నక్షత్రం బహిరంగంగా చూపడం నేరం. దీన్ని మనం తేలికగా తీసిపారేయకూడదు. 1956 తిరుగుబాటును సోవియట్ ట్యాంకులు తొక్కిన దేశం అది. ప్రధానిగా ఉన్న ఇమ్రె నాజ్‌ను 1958లో ఉరి తీశారు. ఆ నక్షత్రం చూస్తే కడుపు మండే కుటుంబాలు నిజంగానే ఉన్నాయి. మా యూనియన్ రోజుల్లో ఈ భాగం మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

2003 ఫిబ్రవరి 21న బుడాపెస్టులో, ఒకప్పుడు మార్క్స్ విగ్రహం ఉన్న చోట ఒక సభ జరిగింది. పార్టీ ఉపాధ్యక్షుడు అత్తిలా వాయ్నాయ్ కోటు మీద ఐదు సెంటీమీటర్ల ఎర్ర నక్షత్రం పెట్టుకుని మాట్లాడాడు. మా యూనియన్ మహాసభ బ్యాడ్జీ కూడా ఇంచుమించు అంతే ఉండేది. పోలీసులు తీసేయమన్నారు. కేసు పెట్టారు. కోర్టు నేరమేనని తేల్చి, శిక్షను ఏడాది పాటు వాయిదా వేసింది.

ఆ కేసు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లింది. 2008 జూలై 8న తీర్పు వచ్చింది. ఆ గుర్తు నియంత పాలనను గుర్తు చేస్తుంది, నిజమే. కానీ న్యాయం కోసం పోరాడిన కార్మికులదీ ఆ గుర్తే. చట్టబద్ధమైన పార్టీ మనిషి శాంతిగా పెట్టుకుంటే శిక్షించడం భావప్రకటన హక్కుకు విరుద్ధం అన్నారు. ఖర్చుల కింద 2,000 యూరోలు ఇమ్మన్నారు. మాకు బాగా నచ్చిన మాట ఇది: జనం మనసు నొచ్చుకుంటుందన్న ఒక్క కారణంతో మాట్లాడే హక్కుకు హద్దులు గీయలేం.

అయితే తీర్పు వచ్చేసరికి వాయ్నాయ్ ఆ పార్టీలో లేడు. 2006లోనే కొందరు విడిపోయి వేరే కుంపటి పెట్టుకున్నారు. అరశాతం పార్టీలో కూడా చీలిక! ఇలాంటిదే ఇంకో కేసు 2011లో గెలిచినప్పుడు, ఆ తీర్పుతో ఏకీభవించమని హంగేరీ పార్లమెంటు మరుసటి ఏడాది తీర్మానమే చేసింది. 2013లో పాత నిషేధాన్ని వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేస్తే, ప్రజాశాంతికి భంగం కలిగేలా చూపితే నేరమని మార్చి మళ్లీ చట్టం రాశారు.

అసలు పార్టీ 1993లో ఉత్త 'కార్మిక పార్టీ' అయింది. 2005లో పేరులో 'కమ్యూనిస్టు' అని కొత్తగా చేర్చుకుంది. 2013లో నియంత పాలనను గుర్తుచేసే పేర్ల మీద ఆంక్షలు వచ్చాక ఆ మాట తీసేసి హంగేరియన్ కార్మిక పార్టీ అని రాసుకుంది. 2014లో ఆ పేరుతో నిలబడితే వచ్చినవి 0.56 శాతం ఓట్లు.