తొలి అమెరికన్ ఫొటోగ్రఫీలో ఐరిష్ వలసదారులు

1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. అక్కడి పేదలకు అన్నమైనా కూరైనా ఆ దుంపే. ఆ కరువు తగ్గేలోగా సుమారు 10 లక్షల మంది ఆకలితోనూ జ్వరాలతోనూ చనిపోయారు. అంతకంటే ఎక్కువ మంది దేశం విడిచి ఓడలెక్కారు, వారిలో చాలామంది అమెరికా తూర్పు తీరంలో దిగారు. 1860 నాటికి న్యూయార్క్ జనాభా 8 లక్షలు దాటితే, అందులో 2 లక్షల మందికి పైగా ఐర్లండ్‌లో పుట్టినవారే. 1839లో పారిస్‌లో వెల్లడైన ఫొటోగ్రఫీ అమెరికాలో వృత్తిగా స్థిరపడిందీ ముఖ్యంగా న్యూయార్క్‌లోనే, ఆ ఏళ్లలోనే.

ఐరిష్ పల్లెల్లో అమెరికా వెళ్లేవారిని సాగనంపే రాత్రికి ‘అమెరికన్ వేక్’ అని పేరు. వేక్ అంటే శవం దగ్గర చేసే జాగారం. వెళ్లినవాళ్లను మళ్లీ కళ్లతో చూస్తామన్న ఆశ ఉండేది కాదు. అందుకే చవక ఫొటోకు ఆ ఇళ్లలో అంత విలువ. 1856లో పేటెంట్ పొందిన టిన్‌టైప్‌ను సన్నని ఇనుప రేకు మీద తీసేవారు. అది గాజులా పగలదు, ఉత్తరంలో పెట్టి పంపొచ్చు. కూలి పనివాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడపిల్లలు కూడబెట్టిన డబ్బు దాచుకోవడానికీ, ఊరికి పంపడానికీ 1850లో న్యూయార్క్‌లో ఎమిగ్రంట్ సేవింగ్స్ బ్యాంకు మొదలైంది. మాట్ వీధిలోని సెయింట్ పాట్రిక్ చర్చి, ఫైవ్ పాయింట్స్ పేటలోని ఇరుకు గదులు, సారా కొట్లు, వార్డు రాజకీయాలు వాళ్ల లోకం.

ఆ పేటలకు కొద్ది దూరంలో, బ్రాడ్‌వే మీద, మాథ్యూ బ్రాడీ 1844లో స్టూడియో తెరిచాడు. ఇతని తల్లిదండ్రులు ఐర్లండ్ నుంచి వలస వచ్చినవారు. దేశాధ్యక్షులు, సేనానులు ఇతని కెమెరా ముందు కూర్చున్నారు. అమెరికా అంతర్యుద్ధంలోని యాంటీటమ్ పోరులో చనిపోయిన సైనికుల ఫొటోలను 1862 అక్టోబరులో తన గ్యాలరీలో ప్రదర్శించినప్పుడు న్యూయార్క్ జనం మొదటిసారి యుద్ధ శవాలను ఫొటోల్లో చూశారు. ఆ పోరులో న్యూయార్క్ ఐరిష్ పటాలాలున్న ఐరిష్ బ్రిగేడ్ ఒక్క రోజులో 500 మందికి పైగా సైనికులను చావులకూ గాయాలకూ పోగొట్టుకుంది. ఫొటోలను తీసింది మాత్రం బ్రాడీ కాదు, అతని దగ్గర పనిచేసిన అలెగ్జాండర్ గార్డ్‌నర్, జేమ్స్ గిబ్సన్.

ఈ చరిత్రలో ఎక్కువసేపు ఆగాల్సింది తిమతీ ఓసలివన్ దగ్గర. ఇతనూ ఐరిష్ వలస కుటుంబం బిడ్డే. కుర్రతనంలోనే బ్రాడీ దగ్గర పనికి చేరి, తర్వాత గార్డ్‌నర్ వెంట వెళ్లాడు. గార్డ్‌నర్ తన 1866 నాటి యుద్ధ సంపుటాల్లో ప్రతి ఫొటో కిందా తీసినవారి పేరు వేశాడు. ఓసలివన్ పేరు నిలిచిందంటే అందులో గార్డ్‌నర్ నిజాయితీ పాలు ఎంతో ఉంది. గెటిస్‌బర్గ్ యుద్ధ మైదానంలో 1863 జులైలో తీసిన ‘ఎ హార్వెస్ట్ ఆఫ్ డెత్’ ఆ సంపుటాల్లోదే. ముందు ఉబ్బిన శవాలు, వెనుక పొగమంచులో మసకగా గుర్రం మీద ఒక మనిషి. అదే నెలలో న్యూయార్క్‌లో నిర్బంధ సైనిక భర్తీపై నాలుగు రోజుల పాటు అల్లర్లు చెలరేగాయి. 300 డాలర్లు కడితే మినహాయింపు దొరికే చట్టం పేదలను మండించింది. అల్లరి మూకల్లో ఐరిష్ కూలీలు ఎక్కువ. ఆ కోపం నల్లజాతివారి ప్రాణాల మీదకు మళ్లింది, వాళ్ల అనాథాశ్రమం తగలబడింది. పరుగెత్తే జనాన్ని పట్టుకునే వేగం నాటి కెమెరాకు లేదు. ఆ నాలుగు రోజులూ మనకు ఎక్కువగా పత్రికల చెక్కుడు బొమ్మల్లోనే కనిపిస్తాయి.

1867లో ఓసలివన్ ప్రభుత్వ సర్వే బృందంతో పశ్చిమానికి వెళ్లాడు. ఆనాటి పద్ధతిలో గాజు పలకకు కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరేలోపే ఫొటో తీసి కడగాలి. కాబట్టి చీకటి గది కూడా వెంట రావాల్సిందే. నెవాడాలో కార్సన్ ఎడారి ఇసుక దిబ్బల ఫొటోలో కంచరగాడిదలు కట్టిన అతని చీకటి గది బండి ఉంది, బండి దగ్గర్నుంచి కెమెరా వైపు నడిచి వచ్చిన అడుగుల గుర్తులూ ఉన్నాయి. తర్వాత అదే రాష్ట్రంలోని వర్జీనియా సిటీలో వెండి గనుల్లోకి దిగి, మెగ్నీషియం మండించిన వెలుగులో వంగి తవ్వే గని కార్మికుణ్ణి, కూలిన దూలాలను ఫొటో తీశాడు. ఆ ఊళ్లో ఐరిష్‌వాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. కొన్నేళ్లకు అక్కడి గనులతో అపర కుబేరులైన మకే, ఫెయిర్, ఫ్లడ్, ఓబ్రయన్ నలుగురూ ఐరిష్ మూలాలవారే. ఓసలివన్‌కు సంపద దక్కలేదు. 1882లో స్టాటెన్ ఐలండ్‌లో క్షయతో చనిపోయాడు.

గనిలోని ఆ వెలుగుకు ఇరవై ఏళ్ల తర్వాత, డెన్మార్క్ నుంచి వచ్చిన విలేకరి జేకబ్ రీస్ ఫ్లాష్ పొడితో ఫైవ్ పాయింట్స్ పక్కనున్న మల్బరీ బెండ్ చీకటి గదుల్లోకి వెళ్లాడు. అప్పటికి ఆ గదుల్లో ఐరిష్‌వాళ్ల స్థానంలోకి ఇటాలియన్లు వస్తున్నారు. 1890 నాటి అతని పుస్తకం ‘హౌ ది అదర్ హాఫ్ లివ్స్’ చదివినవారిని కదిలించింది, ఆ పేట కూల్చి పార్కు కట్టారు. కానీ ఒక్కో జాతి గురించి అతను రాసిన మాటలు ఇవాళ మింగుడుపడవు. ఫొటోలకున్న కరుణ ఆ రాతకు లేదు.

అమెరికాలో కళా ఫొటోగ్రఫీ ఉద్యమం 1902లో ఒక సంఘంగా రూపుదిద్దుకుంది. ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ ‘ఫొటో–సెసెషన్’ సంఘం పెట్టి, మరుసటి ఏడు నుంచి ‘కెమెరా వర్క్’ పత్రిక నడిపాడు. అతని 1907 నాటి ‘ది స్టీరేజ్’ను చాలామంది అమెరికాకు వస్తున్న వలసదారుల ఫొటో అనుకుంటారు. నిజానికి ఆ ఓడ యూరప్‌కు వెళ్తోంది.

స్టీగ్లిట్జ్‌లా ఓసలివన్, రీస్ తమను కళాకారులుగా చెప్పుకోలేదు. రీస్ నెగటివ్‌లను ఫొటోగ్రాఫర్ అలెగ్జాండర్ అలాండ్ కొత్తగా ప్రింటు వేశాక 1947లో న్యూయార్క్ నగర మ్యూజియంలో ప్రదర్శించారు. దానికి పదేళ్ల ముందే ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తన దగ్గరున్న పాత సర్వే ఆల్బమ్‌ను న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ప్రదర్శనకు ఇచ్చాడు. ఓసలివన్ 1873లో కాన్యన్ డి షే లోయలో తీసిన, కొండ గోడలోని శిథిల గృహాల ఫొటో అలా కళాప్రియుల కంట పడింది. కొన్నేళ్ల తర్వాత ఆడమ్స్ అదే కొండ గోడ ఎదుట, దాదాపు అదే చోట తన కెమెరా నిలిపాడు.