ఉక్కుతీగ మీద ఇంటిపాట

ఇంట్లో కూర్చుని పాట రికార్డు చేసుకుని పదిమందికీ పంచడం కంప్యూటర్లతో పుట్టిన విద్య అని మన పిల్లలు అనుకుంటారు. మనలో చాలామందిమీ అలాగే అనుకుంటాం. ఈ విద్యకు కావలసిన ముఖ్యమైన పనిముట్లు కొన్ని పుట్టింది, పెరిగింది మన షామ్‌బర్గ్‌కు గంట ప్రయాణం లోపలే (కెనెడీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ట్రాఫిక్కు లేకపోతే!). మన ముంగిట్లో ఉన్న చరిత్ర కాబట్టి, ఈ సంచికలో మన సభ్యులతో చెప్పుకోవాలనిపించింది.

1877లో ఎడిసన్ కనిపెట్టిన ఫోనోగ్రాఫు వినిపించడమే కాదు, రికార్డు కూడా చేసేది. తరువాత మైనపు గొట్టాలు వచ్చాక, కొనుక్కోగలిగిన వాళ్ళు తమ గొంతునూ పిల్లల మాటలనూ ఇంట్లోనే పట్టి ఉంచుకున్నారు. ఆ వెనుక వచ్చిన గ్రామఫోను పళ్ళెం ఎక్కువ ప్రతులు తీయడానికి, అమ్మకానికి ఎంతో అనువైనది. కాని అది వినిపించే యంత్రమే తప్ప మనం పాడితే పట్టుకునే యంత్రం కాదు. అంటే ఇంటివారి చేతిలో ఉన్న విద్య కంపెనీల చేతికి వెళ్ళిపోయింది. 1902లో గ్రామఫోన్ కంపెనీ వారు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డు చేసుకున్నారు. ఆమె పాట చివర తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఆ మూల పళ్ళేలు జర్మనీ వెళ్ళాలి. అక్కడ ముద్రించేవారికి ఎవరి పాట ఏదో తెలియాలి కదా! మన దేశంలో ఆ రోజుల్లో గ్రామఫోనుకు పాడింది ప్రధానంగా పాటే వృత్తిగా ఉన్నవారు. వంటింట్లో, పెరట్లో, పెళ్ళి పందిట్లో పాడుకునే ఆడవారి పాటను కంపెనీ వారు వెతుక్కుంటూ రాలేదు.

పోయిన ఆ విద్య తిరిగి ఇంటికి రావడం వెనుక ఒక చికాగో కుర్రవాడున్నాడు. పేరు మార్విన్ కామ్రాస్, 1916లో చికాగోలోనే పుట్టాడు. ఇప్పుడు ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అని మనం పిలిచే కాలేజీ అప్పట్లో ఆర్మర్ ఇన్‌స్టిట్యూట్. అక్కడ చదువుతున్న రోజుల్లో, 1930ల చివర, ఉక్కుతీగ మీద ధ్వనిని అయస్కాంత రూపంలో పట్టే యంత్రం తయారుచేశాడు. ఈ ఆలోచన మొదట వచ్చింది డెన్మార్కు దేశపు పౌల్‌సెన్‌కు, 1898లో. అయితే దాని ధ్వని బలహీనంగా, బొంగురుగా ఉండేది. కామ్రాస్ రికార్డు చేసే తలను మెరుగుపరిచి, చెవికి వినబడనంత ఎక్కువ పౌనఃపున్యం గల విద్యుత్తును ధ్వనితో కలిపి పంపాడు. గొంతు తేటపడింది. ఈ కిటుకు ఇతర దేశాల్లో మరికొందరికీ తట్టింది కాని, మన కథకు కామ్రాసే ముఖ్యుడు. ఎందుకంటే ఆయన దీనికి పూనుకున్నది సైన్యం కోసం కాదు, కంపెనీ కోసం కాదు. గాయకుడు కావాలని కలలు కంటున్న తన బంధువు ఒకడు తన పాట తాను వినుకుని దిద్దుకోవడానికి! ఆ తరువాత యుద్ధంలో సైన్యం వాడింది, 500కు పైగా పేటెంట్లు వచ్చాయి, 1990లో జాతీయ సాంకేతిక పతకమూ వచ్చింది. నాకు మాత్రం ఆ మొదటి కారణమే ఇష్టం.

యుద్ధం ముగిశాక వెబ్‌స్టర్-చికాగో అనే మన ఊరి కంపెనీ ఇళ్ళకు పనికొచ్చే తీగ రికార్డర్లు అమ్మింది. వెంట్రుక లాంటి తీగ సెకనుకు రెండడుగుల చొప్పున పరుగెత్తేది. గంట పాటకు 7200 అడుగుల తీగ! తెగితే రెండు కొసలూ ముడివేసి మళ్ళీ నడిపించేవారు, మనం మల్లెదండ తెగితే ముడివేసినట్టు. చిక్కుపడితే మాత్రం దేవుడే దిక్కు. కొద్ది ఏళ్ళలోనే ప్లాస్టిక్ టేపు వచ్చి తీగను మరుగున పడేసింది.

ఈ తీగ ఏం చేయగలిగిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. అదే కాలేజీలో డేవిడ్ బోడర్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు ఉండేవాడు. 1946 వేసవిలో ఆయన ఆర్మర్ వారి తీగ రికార్డరును, తీగచుట్టలను వెంటబెట్టుకుని యూరపు వెళ్ళాడు. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడిన వారిని, ఇల్లూ వాకిలీ పోయిన మరికొందరినీ కూర్చోబెట్టి, వారి వారి భాషల్లో వారి కథలు చెప్పించాడు. సుమారు 130 మంది, 90 గంటలు. మాటలతో ఆగలేదు, పాటలు కూడా పాడించాడు. ఫ్రాన్సులో ఎనోన్‌విల్ అనే చోట పాడిన పాటల తీగచుట్ట మాత్రం కనిపించకుండా పోయింది. దాదాపు 70 ఏళ్ళ తరువాత అది ఒహాయోలోని ఏక్రన్ విశ్వవిద్యాలయంలో, పేరు తప్పుగా రాసిన డబ్బాలో దొరికింది. దొరికినా దాన్ని వినిపించే యంత్రం సిద్ధం చేసుకోవలసి వచ్చింది. వాళ్ళెవరూ పేరు మోసిన గాయకులు కారు, అది స్టూడియో కాదు. ఆ సాయంత్రం ఎవరో మీట నొక్కబట్టి ఆ గొంతులు మిగిలాయి.

ఇక మైకు సంగతి. మన ఉగాది వేదిక మీద పిల్లలు పోటీపడి పట్టుకునే మైకు చాలాసార్లు ష్యూర్ ఎస్ఎం 58. ష్యూర్ 1925లో చికాగోలో రేడియో విడిభాగాలు అమ్ముకునే దుకాణంగా మొదలైంది. ఇప్పుడు ఇక్కడికి దగ్గరలోని నైల్స్‌లో ఉంది. 1965లో ఎస్ఎం 57, 1966లో ఎస్ఎం 58 వచ్చాయి. లోపలి యంత్రాంగం రెండింటికీ దాదాపు ఒకటే, 58కి తల మీద గుండ్రని జాలీ ఉంటుంది. ఇక మన పక్క ఊరు ఇటాస్కాలోని నోల్స్ కంపెనీ వినికిడి యంత్రాల్లోని బుల్లి మైకులకు పేరుపొందింది, ఆ తరువాత చేతిఫోన్లలో పెట్టే సిలికాన్ మైకులకూ. మన సంఘంలోని చెవి డాక్టర్లకు ఈ పేరు కొత్త కాదు. మోటరోలా 1976లో షామ్‌బర్గ్‌కు ప్రధాన కార్యాలయాన్ని తెచ్చిందనీ, మనవాళ్ళు ఎందరో ఇక్కడ ఇళ్ళు కొనడానికి అదే కారణమనీ అందరికీ తెలుసు. ఈ చిన్న కంపెనీల కథ చెప్పుకునేవారే తక్కువ.

1963లో ఫిలిప్స్ వారి కేసెట్టు వచ్చింది. మన దేశంలో 1980లలో అది ఊరూరా పాకింది. గల్ఫు నుంచి వచ్చిన వారి చేతిలో టూ-ఇన్-వన్, కేసెట్టు ఉత్తరాలు, భజన మండళ్ళు, జానపదాలు, ఊరి నాటకాల పద్యాలు. రేడియోలో పాడాలంటే ఆడిషను, సినిమాకు పాడాలంటే మద్రాసు రైలు. కేసెట్టుకు రెండూ అక్కరలేదు. అమెరికాలో 1979లో టియాక్ వారు పోర్టాస్టూడియో అనే పెట్టె తెచ్చారు. మామూలు కేసెట్టు మీదే నాలుగు వరుసలు విడివిడిగా రికార్డు చేయవచ్చు: ముందు గిటారు, దాన్ని వింటూ గొంతు, ఆ రెంటినీ వింటూ ఇంకొకటి. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలో తన ఇంట్లో ఈ పెట్టె, రెండు ఎస్ఎం 57 మైకులు పెట్టుకుని నమూనా పాటలు పాడుకున్నాడు. తరువాత బృందంతో స్టూడియోలో ఎన్ని ప్రయత్నాలు చేసినా ఆ కేసెట్టులోని ప్రాణం రాలేదు. చివరికి కేసెట్టునే 'నెబ్రాస్కా' పేరుతో విడుదల చేశారు. ఇంటి రికార్డింగు అంటే నాసిరకం అనే మాట ఆ రోజుతో చెల్లిపోయిందని నా అభిప్రాయం.

ఇంత చరిత్ర తవ్వడానికి నాకు కారణముంది. నేను వృత్తిరీత్యా ఇంజనీరును, 2003లో ఈ ఊరొచ్చాను. మా ఇంట్లో పాడేది మా ఆవిడ, వయొలిన్ వాయించేది మా అమ్మాయి. నాది మీట నొక్కే ఉద్యోగం. నాన్నగారు పోయాక ఇండియా నుంచి తెచ్చుకున్న పెట్టెలో పదకొండు కేసెట్లు ఉన్నాయి. 1986లో తెనాలి దగ్గర మా అమ్మమ్మ గారింట్లో, నాన్నగారు టూ-ఇన్-వన్ పెట్టి పట్టిన పాటలు. అమ్మమ్మ, ఇద్దరు దొడ్డమ్మలు, అమ్మ. ఊర్మిళాదేవి నిద్ర, సీత వేవిళ్ళు, అలుక పాటలు, మంగళహారతులు.

ఈ పాటల గురించి వెల్చేరు నారాయణరావుగారు 1991లో ఇంగ్లీషులో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు, ఆడవారు తమకోసం పాడుకున్న రామాయణం మీద. ఆయన దశాబ్దాల పాటు పనిచేసిన మాడిసన్ ఇక్కడి నుంచి ఐ-90 మీద రెండు గంటల దారి. ఈ పాటల సంకలనాలు తెలుగులో అచ్చయ్యాయి కూడా. అయితే అచ్చులో దొరికేది మాట మాత్రమే. వరుస దొరకదు. ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ మిగతావాళ్ళు అందుకోవాలి, ఏ మాట దగ్గర చిన్నగా నవ్వాలి, ఇవి పుస్తకంలో ఉండవు. సంగీతం నేర్చినవారు స్వరం రాసుకుంటారు, అమ్మమ్మకు స్వరం ఏం తెలుసు?

కేసెట్టులో మెత్త ఊడిపోతుంది, టేపు పొడి రాలుతుంది. చుట్టలో ఒక పొర అయస్కాంతం పక్క పొరకు అంటుకుని, పాట మొదలయ్యే ముందే లీలగా అదే పాట వినిపిస్తుంది. మా అమ్మమ్మ పాడబోయే ముందు ఒక క్షణం, ఎక్కడో పక్క ఊరి నుంచి పాడుతున్నట్టు ఆమె గొంతే వినబడుతుంది. దాన్ని కంప్యూటరులో చెరిపేయవచ్చు. నేను చెరపలేదు.

అమ్మకు ఇప్పుడు 74. ప్రతి వేసవీ ఆరునెలలు మాతో ఉంటుంది. ఆ నలుగురిలో మిగిలింది ఆమె ఒక్కతే. బేస్‌మెంటులో సంప్ పంపు, ఫర్నేసు చప్పుడు, పైన ఓహేర్‌కు దిగే విమానాలు. ఎన్నో చోట్ల ప్రయత్నించాక చలికోట్లు వేలాడదీసే గది కుదిరింది. ఆ కోట్లు ప్రతిధ్వనిని మింగేస్తాయి. కుర్చీ వేసి, గొంతుకు జానెడు దూరంలో, కొంచెం పక్కకు వంచి మైకు. ఎదురుగా పెడితే 'ప', 'భ' అక్షరాలు పేలుతాయి. శ్రుతికి ఫోనులో తంబుర పెట్టబోతే, "మాకు శ్రుతి ఎవరిచ్చార్రా, రోలూ రోకలేగా" అంది. తంబుర తీసేశాం. ఇప్పటికి ఇరవై ఆరు పాటలయ్యాయి.

పేచీ వచ్చింది పంచడం దగ్గర. అందరూ వినేలా యూట్యూబులో పెడదామన్నాను. ఈ పాటలు తెలిసినవారు తగ్గిపోతున్నారు, దాచుకుంటే దాచుకున్న చోటే పోతాయి అని నా వాదన. అమ్మ ఒప్పుకోలేదు. "మగవాళ్ళు భోజనాలు చేసి పడుకున్నాక పాడుకున్న పాటలురా. బజార్లో పెడతావా?" అంది. నా వాదన సరైనదేనని ఇప్పటికీ నమ్ముతాను. కాని పాట ఆమెది. మా ఆవిడ మధ్యస్థం చేసింది: అక్కచెల్లెళ్ళ పిల్లలున్న వాట్సాప్ గుంపులో మాత్రం వారానికి ఒకటి, శుక్రవారం నాడు.

మూడో శుక్రవారం సీత వేవిళ్ళు పంపాం. రాత్రికి విశాఖ నుంచి దొడ్డమ్మ కూతురు ఫోనులోనే పాడి పంపింది: "పిన్నీ, మా అమ్మ ఇలా పాడేది, వరుస వేరు." మర్నాడు హైదరాబాదులో ఉన్న మేనత్తగారు ఇంకో వరుస పంపారు, నాలుగు చరణాలు ఎక్కువ. వాటిలో మావిడికాయ కోసం సీత అడిగే ఘట్టం అమ్మ ఎప్పుడూ వినలేదట. ఫోను చెవికి ఆనించుకుని అయిదారుసార్లు విని, కాగితం, కలం తెమ్మంది. ఆ నాలుగు చరణాలూ రాసుకుని, "వచ్చే శుక్రవారం దీన్ని మళ్ళీ పాడతాను, ఆ కోట్ల గది ఖాళీగా ఉంచు" అంది.