పసుల పిల్లల పేళ్లు: వాని పుట్టుక



కులచరిత్ర యనఁగా శాసనములును బిరుదులును మాత్రమే యని తలఁచువారు పెక్కుమంది. మందల వెంటఁ దిరిగి బ్రదికిన మనవారికి వేఱొక శాసనము గలదు. అది మన నోటిమాట.

పాలు విడువని దూడ లేఁగ, ఆఁడుదూడ పెయ్య, ఎదిగిన మగదూడ కోడె. ముందుగా లేఁగ యను పదమును విచారింతము. తమిళమున 'ఇళ' యనినను, కన్నడమున 'ఎళ' యనినను లేతయని యర్థము. తెలుఁగున మొదటి యచ్చు హల్లును దాఁటి 'లే' యైనది. తమిళుల 'ఉరల్' మనకు రోలగుటయు, వారి 'మరం' మ్రానగుటయు నీ మార్గముననే. కావున లేఁగ యనఁగా లేతది. లేమావి దాని తోఁబుట్టువు.

తమిళమున దూడను 'కన్ఱు' అందురు. లేఁత మొక్కకును నదియే పేరు. తమిళుల 'పన్ఱి' తెలుఁగున పంది యైనట్లే కన్ఱు 'కందు' కావలయును, అయినది కూడ. కాని యది మన కొట్టములలోఁ గానరాదు, ఉయ్యాలలో నున్నది. పసికందు అని తల్లి పలుకునప్పుడు వినఁబడునది యా మాటయే. కన్నడిగులు దూడను 'కరు' అనియు, బిడ్డను 'కంద' అనియు వ్యవహరింతురు.

ఇంక మన యడవి యంచునకు వత్తము. కన్నడమున గొఱ్ఱెపిల్ల 'కురిమరి'. ప్రాచీన తమిళమున గొఱ్ఱెల, జింకల పిల్ల 'మఱి'. గోండీలో 'మర్రి' యనఁగా కుమారుఁడు. భద్రాచల ప్రాంతపు కోయవారి భాష యా గోండీ శాఖలోనిదే. బరో, ఎమెనో పండితులు 1961లోఁ బ్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ పదములను నొక్కచోటనే చేర్చినది. సంస్కృతమునను 'వత్స' శబ్దము దూడకును బిడ్డకును సమానమే కదా!

దీనివలనఁ దేలునది రెండు. పశుపాలకులు తమ బిడ్డను, మందలోని పిల్లను నొక్క పేరఁ బిలిచిరి. మఱియు మనము అడవివారని దూరముంచు కోయలు భాషచే మన జ్ఞాతులు. భాషాబంధుత్వము రక్తబంధుత్వము కాకపోవచ్చును. కాని చులకనఁ జేయుటకు మాత్రము తావు లేదు. భద్రాచలము 1959 వఱకు తూర్పు గోదావరి జిల్లాలో నుండెను. పిదప ఖమ్మములోఁ జేరెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకుఁ జెందెను. ఎల్లలు మాఱినను మాట మాఱలేదు.

అయితే మాటయు శాశ్వతము కాదు. ట్రాక్టరు వచ్చిన యూర కోడె తగ్గును, కోడెతోఁ బాటు దాని పేళ్లును దగ్గును. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశమును వెలువరించి మార్గము చూపిరి. మన పెద్దల నోట మిగిలిన మందమాటలను, కోయపల్లెలలోని మాటలను బ్రక్కప్రక్కన వ్రాసి యుంచుట మన విద్యార్థుల పని. వారికిఁ గాగితమును, దారిబత్తెమును సమకూర్చుట పోషకులైన మీ పని. వృద్ధులు జీవించి యుండఁగనే యిది జరుగవలయును.