ప్రశ్న గుర్తు వెనక రెండు వందల ఏళ్లు

క్యూజీఐఎస్‌లో పాత టోపోషీటు తెరిస్తే పక్కన ప్రశ్న గుర్తు వస్తుంది. ‘ఈ కొలతలు ఏ లెక్కవి?’ అని అడుగుతోందన్నమాట.

1802లో లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన సర్వే నుంచే ఎవరెస్ట్ 1830 లెక్క పుట్టింది. సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లు దాని మీదే గీశారు. మన ఫోన్ జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్ 84 లెక్క.

గుర్తు పోవాలని పాత షీటుకీ 84 పెట్టేస్తే గుర్తు పోతుంది, గీత మాత్రం మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా జరుగుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడుకు మ్యాపు గీసేటప్పుడు అంత జరిగితే మన చేను పక్కవాళ్లదైపోతుంది.

అందుకే షీటు అంచు చదువుదాం. ఎవరెస్ట్ అని ఉంటే, ఆ గుర్తు నొక్కి కల్యాణ్‌పూర్ 1975 ఎంచుకుందాం. తర్వాత ఊరి చెరువు, వాగు మలుపు జీపీఎస్‌తో కలుస్తున్నాయో లేదో మనమే చూసుకుందాం.