గాలి సోకని త్రుప్పు

మేము పాఠశాలలో ఏటేట చేసి చూపు ప్రయోగమొకటి కలదు. కాచి చల్లార్చిన నీటిని గాజుగొట్టములో పోసి, అందు మెరుగుపెట్టిన యినుపమేకును వేసి, పైని నూనె పోయుదుము. దినములు గడచినను ఆ మేకు త్రుప్పుపట్టదు. గాలి సోకు నీటిలోని మేకు మాత్రము ఎఱ్ఱబారును. నీరును గాలియు కూడినగాని త్రుప్పు పుట్టదని పిల్లలచే వల్లె వేయింతుము. చదువరులలో పెక్కండ్రు ఈ పాఠము నేర్చినవారే. ఇది అసత్యము కాదు. సంపూర్ణసత్యమును కాదని హాలెండుదేశపు మన్ను నిరూపించినది.

హాలెండు పల్లపుదేశము. అచటి నేల పెక్కుచోట్ల నీట నానిన జిగటమన్ను. అందు గాలి చొరదు. మా పాఠమే పూర్ణసత్యమైనచో ఆ మంటిలో పాతిన పోతయినుప గొట్టములు చిరకాలము నిలువవలెను. కాని అవి చెడెను. చెడిన తీరు మఱింత వింత. ఆకారము చెదరలేదు, మందము తగ్గలేదు. కత్తితో గీచినచో మెత్తగా తెగెడివి. ఇనుము కరగిపోగా, పోతయినుములో సహజముగా నుండు గ్రాఫైటు, అనగా మన పెన్సిలులోని నల్లని పదార్థమే, పూర్వరూపమును నిలుపుకొని యుండెను.

దీని కారణమునకు దారి 1895లోనే ఏర్పడినది. ఆ యేట డెల్ఫ్టు నగరమున బైయెరింకు అను పండితుడు, గాలి లేనిచోట సల్ఫేటు లవణములను సల్ఫైడుగా మార్చుచు బ్రతుకు సూక్ష్మజీవులను కనుగొనెను. మనము ప్రాణవాయువుతో జరుపుకొను పనిని అవి సల్ఫేటుతో జరుపుకొనును. మురుగుబురద నల్లబడి క్రుళ్లిన గ్రుడ్ల కంపు కొట్టుట వీని పనియే. 1934లో ఫాన్ వోల్జోగెన్ క్యూర్, ఫాన్ డెర్ ఫ్లూహ్ట్ అను డచ్చి పండితులిరువురు ఈ జీవులకును గొట్టముల నాశమునకును గల సంబంధమును వివరించిరి.

వారి వాదమిది: తడి తగిలిన యినుము కొంచెము కొంచెముగా కరగుచు ఎలక్ట్రానులను విడుచును. వానివలన నీటినుండి హైడ్రోజను పుట్టి, ఇనుముపై పలుచని పొరగా పేరుకొనును. ఆ పొర యున్నంతకాలము కరగుట మందగించును. సూక్ష్మజీవులు ఆ హైడ్రోజనును ఆహారముగా గొనగా తెర తొలగి, ఇనుము మరల కరగును. వెలువడిన సల్ఫైడు ఇనుముతో కూడి నల్లని మసియగును.

ఈ వాదమును తుదిమాట కాలేదు. 2004లో జర్మనీదేశపు బ్రెమెన్ నగర పండితులు, సముద్రపు బురదనుండి తీసిన కొన్ని జీవులు కేవలము హైడ్రోజనుపై ఆధారపడు జీవులకంటె మిక్కిలి వేగముగ ఇనుమును చెఱచుటను ప్రకటించిరి. ఇవి హైడ్రోజను కొఱకు వేచియుండక, ఇనుమునుండి ఎలక్ట్రానులను నేరుగా గ్రహించుచున్నవని వారు ఊహించిరి.

ఉక్కును ఈ జీవులకు లోబడునదే. దానికి గ్రాఫైటు అస్థిపంజరము లేదు గనుక గుంటలుపడి, తుదకు తూట్లగును. భూమిలోని చమురుగొట్టములకును, రేవులలోని ఉక్కుస్తంభములకును ఈ భయము కలదు. అందుచే వానికి దట్టమైన పూత పూయుదురు. జిగటమంటికి బదులు చుట్టును శుభ్రమైన ఇసుక నింపుదురు. స్వల్పముగా విద్యుత్తును ప్రసరింపజేసి యినుము కరగకుండ కాపాడుదురు.

ఇది తెలిసిన పిమ్మట మా గాజుగొట్టమును మరల చూచితిమి. నీటిని కాచుటచే గాలిని వెడలగొట్టితిమని మాత్రమే ఇన్నాళ్లు తలచితిమి. ఈ జాతి జీవులు అందుండిన యెడల, వానిలో పెక్కింటిని ఆ కాపే చంపియుండును. మూడవసాక్షిని చంపి, ఇద్దరి వాఙ్మూలముతో తీర్పు చెప్పినట్లయినది. ప్రయోగమును మేము మానము. కాని ఇకమీదట పిల్లలచే పాఠమును వల్లె వేయించుటకు ముందు, వారినొక ప్రశ్న అడిగెదము: ఈ నీటిని కాచినపుడు గాలితోపాటు మఱేమి పోయినది?